నలుగురి మధ్య బాకీ లేకపోతే దయ్యానికి అక్కడ పనేముంది?

మీ ప్రశ్నను ముందు కొంచెం కుదించి చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. మీరు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున జరిగే అతీంద్రియ నవల రాస్తున్నారు. శీను, యాదగిరి, మహేశ్, కవిత అనే నలుగురు స్నేహితులు. అందరూ నలభైకి దగ్గర పడ్డవాళ్లే, అందరిలోనూ ఏదో ఒక లోపం ఉంది. శ్రీశైలం వెనుక నీళ్లలో మునిగిన ఊరు ఎండాకాలం బయటపడితే చూడటానికి వెళ్తారు. అక్కడ పాడుబడ్డ గుడిలో ఎప్పుడో ఒక చెంచు మాంత్రికుడు బంధించిన దుష్టశక్తిని తెలియక లేపుతారు. అది వెంటపడుతుంది. సగం పైగా రాసి మిత్రులకు ఇస్తే "భయం వేయట్లేదు, నలుగురూ ఒకేలా ఉన్నారు" అన్నారు. భయం ఎలా పెంచాలి, నిజమైన ఊళ్ల పేర్లు, ఆచారాలు వాడుకోవచ్చా, చివర్లో ఏ పూజ పెడితే బాగుంటుంది అని అడిగారు.

మీరు పంపిన కథాసారం, ఇప్పటిదాకా రాసిన అధ్యాయాలు చదివాను. చాలా ఏళ్లుగా ఈ రకం నవలలు రాస్తూ, ఇతరులవి దిద్దుతూ ఉన్నవాడిగా చెప్తున్నాను. మీ మిత్రులు రెండు ఫిర్యాదులు చేశారని మీరు అనుకుంటున్నారు గానీ అది ఒకటే ఫిర్యాదు. నలుగురూ ఒకేలా ఉన్నారు కాబట్టే భయం వేయట్లేదు. దుష్టశక్తిని ఇంకా భయంకరంగా చేసి లాభం లేదు. ఇప్పటికే దానికి ఎర్రటి కళ్లు, కాలిన చర్మం, వెనక్కి తిరిగిన పాదాలు అన్నీ ఇచ్చారు. ఇంకేం మిగిలింది ఇవ్వడానికి?

మీరు లోపాలు పంచిన తీరు చూడండి. శీను పిరికివాడు, యాదగిరి తాగుబోతు, మహేశ్‌కు డబ్బు పిచ్చి, కవితకు కోపం ఎక్కువ. ఇవి బడిలో మార్కుల షీటు మీద రాసే మాటలు. యాదగిరి తాగితే మిగతా ముగ్గురికీ ఏం పోయింది? ఏమీ పోలేదు. జాలిపడి బండి ఎక్కించి ఇంట్లో దింపుతారు, అంతే. శీను పిరికితనం వల్ల ఎవరి బతుకైనా పాడైందా? లేదు. లోపం అనేది ఆ నలుగురిలోనే ఎవరికో ఒకరికి నష్టం చేసి ఉండాలి. ఆ నష్టం గురించి ఒకరికి తెలియాలి, ఒకరికి తెలియకూడదు, ఒకరు తెలిసీ నోరు మూసుకుని ఉండాలి. దాన్నే నేను బాకీ అంటున్నాను. దయ్యం దాన్ని వసూలు చేయడానికి వస్తే చదివేవాడు కుర్చీలోంచి లేవడు.

బాకీ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మీరు ఎంచుకున్న నేలలోనే కావలసినంత ఉంది, మీరే దాని మీద నడుచుకుంటూ పోయారు. శ్రీశైలం ముంపులో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. మీ నవలలో ఇదంతా ఒక్క వాక్యం: "ఆ ఊరు ఎప్పుడో డ్యాంలో మునిగిపోయింది." అంతే! 1986లో 98 జీవో వచ్చింది. భూములు, ఇళ్లు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అని. కొందరికి వచ్చింది, వయసు దాటిపోయేదాకా ఎదురుచూసినవాళ్లు, ఇప్పటికీ ధర్నాలు చేస్తున్నవాళ్లు కొల్లాపూర్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. మీది ఆ వైపే అన్నారు కాబట్టి నాకంటే మీకే ఎక్కువ తెలిసి ఉంటుంది. మరి దాన్ని వదిలేసి ఎర్ర కళ్ల దగ్గరికి ఎందుకు పోయారు?

ఒక దారి చూపిస్తాను. నచ్చితే వాడుకోండి, నాకు పేరు కూడా ఇవ్వనక్కర్లేదు.

శీను నీటిపారుదల శాఖలో లష్కర్. కాలువ గేట్లు చూసుకునే ఉద్యోగం. ముంపు కుటుంబం కోటాలో వచ్చింది. కానీ ఆ ఊళ్లో శీను వాళ్లకు ఇల్లూ లేదు, గుంట భూమీ లేదు. ఆ ఊరు యాదగిరి నాయిన సాయన్నది. ఇద్దరి ఇంటిపేర్లూ ఒకటే. సాయన్నకు శీనును దత్తకొడుకుగా చూపిస్తూ కాగితాలు పుట్టించారు. పుట్టించింది మహేశ్, అప్పట్లో తహసీల్ ఆఫీసు ముందు దరఖాస్తులు రాసిపెట్టేవాడు. ఇప్పుడు రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు. కవిత ఆ కాగితం చూసింది. శీనుతో పెళ్లి అనుకుంటున్న రోజులు, ఉద్యోగం వస్తే వాళ్లింట్లో ఒప్పుకుంటారు, అందుకని నోరు విప్పలేదు. ఆ పెళ్లి తర్వాత జరగనే లేదు, అది వేరే సంగతి. యాదగిరికి ఇవేవీ తెలియవు. "మా నాయిన పేరు లిస్టుల రాలేదు రా" అని ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఉద్యోగం లేక పుణె, బొంబాయి సైట్లకు కూలీగా పోయి, చివరికి తానే గుంపు మేస్త్రీ అయ్యాడు. అడ్వాన్సులిచ్చి ఊళ్ల నుంచి మనుషుల్ని తోలుకుపోయే పని. తాగుడు అక్కడ మొదలైంది.

చూడండి, మీ నాలుగు లోపాలూ అలాగే ఉన్నాయి. శీను పిరికితనం, యాదగిరి తాగుడు, మహేశ్ డబ్బాశ, కవిత కోపం. ఒక్కటీ తీసేయలేదు. కాకపోతే ఇప్పుడు ఒకటి లాగితే నాలుగూ కదులుతాయి. నలుగురూ కలిసి కూర్చుని నవ్వుకునే మొదటి అధ్యాయం కూడా అలాగే ఉంచొచ్చు. యాదగిరి బిల్లు కట్టబోతే శీను ప్రతిసారీ కంగారుగా అడ్డుపడి తనే కడతాడు, అదొక్కటి చేర్చండి. మొదటిసారి చదివేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. రెండోసారి చదివేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు దుష్టశక్తి. మునిగిన ఊరికి ఒక మాంత్రికుడు, ఒక బంధనం అవసరమా? ఆ ఊరే చాలు. ఆ ప్రాజెక్టు కట్టేటప్పుడు పాత గుళ్లను కొన్నింటిని రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉన్న సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపూర్‌లో ఉంది, చూసే ఉంటారు. జటప్రోలు గుళ్లు కూడా అలా పైకి వచ్చినవే. మరి నంబరు వేయించుకునేంత గొప్పవి కాని వాటి సంగతేంటి? చెరువు కట్ట మీది మైసమ్మ, ఊరి నడుమ పాతిన బొడ్రాయి అనే గ్రామదేవత రాయి, బొందలగడ్డ అనే శ్మశానం. వీటిలో ఏది పైకి వచ్చింది, ఏది రాలేదు అన్నది ఊరూరికీ మారుతుంది. మీ నవలలోని ఊరికి బొడ్రాయి కిందే ఉండిపోయింది అనుకోండి.

బొడ్రాయి పండుగ మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, కానీ బయటి పాఠకుడి కోసం మీరు చెప్పాలి. ప్రతిష్ఠ చేసేటప్పుడు ఊరి ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, ఎక్కడెక్కడ ఉన్నా వస్తారు. రాత్రి పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లుతారు. ఊరు కట్టడి చేసి, ఆ వేళలో ఎవర్నీ బయటికి పోనివ్వరు, లోపలికి రానివ్వరు. అంటే ఆ రాయికి తెలిసిన విషయం ఒక్కటే. ఎవరు ఊరివాళ్లు, ఎవరు కాదు. మీ దుష్టశక్తి స్వభావం అక్కడే దొరికింది. అది చెడ్డది కూడా కానక్కర్లేదు. నలభై ఏళ్లుగా నీళ్ల కింద కూర్చుని తన మనుషుల్ని లెక్క పెట్టుకుంటోంది. లెక్క తగ్గుతోంది. దానికి లిస్టు కావాలి. లిస్టు ఎక్కడుంది? సర్కారు దగ్గర. ఆ లిస్టులో సాయన్న కొడుకు ఎవరని ఉంది?

మీ నాలుగో అధ్యాయంలో నలుగురూ గుడి తలుపు పగలగొట్టే చోట ఇలాంటిదేదో రాసి చూడండి:

యాదగిరి ముందు నడుస్తున్నాడు. నెర్రెలిచ్చిన ఒండ్రు కాళ్ల కింద పెంకుల్లా విరుగుతోంది. మోకాలెత్తు గోడలు, మధ్యలో దారి అని తెలిసేంత ఖాళీ.

"ఇదే రా మా ఇల్లు. వాకిట్ల పెద్ద రోలు ఉండె అని చెప్తుండె మా నాయిన."

రోలు ఉంది. నోటినిండా ఒండ్రు. యాదగిరి వంగి వేళ్లతో గీకుతున్నాడు. శీను గోడకు ఆనుకుని ఫోన్లో సిగ్నల్ కోసం చూస్తున్నాడు. గోడ అవతల, నీటి అంచు వైపు నుంచి ఆడమనిషి గొంతు, అన్నానికి పిలిచినంత మామూలుగా వినబడింది.

"సాయన్న కొడుకా, కాళ్లు కడుక్కొని రా."

శీను తలెత్తి యాదగిరిని చూశాడు. యాదగిరి రోలు గీకుతూనే ఉన్నాడు. అతనికి వినబడలేదు.

ఇక్కడ ఆపేయండి. శీను కేక వేయొద్దు, గుండె ఝల్లుమనొద్దు, చల్లటి గాలి వీయొద్దు. ఆ పిలుపు ఎవరిని ఉద్దేశించిందో శీనుకు తెలుసు, ఎవరికి వినబడాలో కూడా తెలుసు. అది అతని ముఖం మీద మీరు రాయనక్కర్లేదు, పాఠకుడు అప్పటికే వెనక్కి వెళ్లి ఆ బిల్లులు కట్టిన సంగతి గుర్తు చేసుకుంటూ ఉంటాడు. ఇంకో పది పేజీల తర్వాత అసలు దెబ్బ కొట్టండి. ఊరు యాదగిరిని గుర్తుపట్టదు. తాత ముత్తాతలు బతికిన ఊరు, కాగితం మీద పేరు లేదు కాబట్టి అతన్ని బయటివాడిగా చూస్తోంది. అతనికి ఏ హానీ జరగదు, ఏ గొంతూ వినబడదు. సొంత ఊళ్లో అతను బయటివాడిలా క్షేమంగా తిరుగుతాడు. నా దృష్టిలో మీ నవల మొత్తంలో అన్నిటికంటే భయంకరమైన విషయం అదే అవుతుంది.

శక్తికి నియమాలు పెట్టుకోవడం గురించి రెండు మాటలు. మీ దయ్యం ఇప్పుడు ఏదైనా చేయగలదు. గోడల్లోంచి వస్తుంది, మనసులు చదువుతుంది, కారు ఆపేస్తుంది, ఫోన్ చేస్తుంది. ఏదైనా చేయగలిగినది మొదటి పది పేజీల్లోనే నలుగురినీ చంపేయొచ్చు కదా, ఎందుకు ఆగింది అని పాఠకుడు అడుగుతాడు. హద్దు పెట్టండి. లిస్టులో ఉన్నవాళ్లనే పిలవగలదు, నీటి అంచు దాటి రాలేదు. ఈ రెండూ చాలు. ఎందుకంటే నీటి అంచు కదులుతుంది. ఎండాకాలం నీళ్లు లోపలికి పోతాయి కాబట్టి ఊరు బయటపడింది. జులై, ఆగస్టుల్లో ఎగువన వానలు పడి, జూరాల డ్యాం గేట్లు ఎత్తితే మళ్లీ పైకి వస్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. అంటే మీ దుష్టశక్తి హద్దు రోజురోజుకూ ఒడ్డున ఉన్న పునరావాస కాలనీ వైపు జరుగుతూ వస్తుంది. శీను లష్కర్ కాబట్టి ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, మట్టం అన్నీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే వస్తాయి. మీ అధ్యాయాలకు పేర్లు తీసేసి నీటి మట్టం పెట్టండి. 834. 841. 856. 867. మూడో వంతు నవల అయ్యేసరికి ఆ అంకె చూస్తేనే టెన్షన్ వస్తుంది. కెరటాలు, మెరుపులు, అమావాస్య లెక్కలు ఏవీ అక్కర్లేదు.

ఇక చెంచు మాంత్రికుడు. ఈ పాత్రను తీసేయమని గట్టిగా చెప్తున్నాను, ఇది సలహా కంటే కొంచెం ఎక్కువే అనుకోండి. 80ల్లో వారపత్రికల్లో క్షుద్ర నవలల గాలి బలంగా వీచినప్పుడు పుర్రెలు, నల్ల బట్టలు, అడవి మాంత్రికుడు అనే సామాను ఇంటింటికీ వచ్చి చేరింది. మీరు నల్లమలకు పక్కనే ఉండి కూడా ఆ సామానే అరువు తెచ్చుకున్నారు. చెంచులకు శ్రీశైలం మల్లన్న ఇంటి అల్లుడు. వాళ్ల ఆడపిల్లను చేసుకున్నవాడు. దేవుడితో అంత చనువున్న మనుషులను పట్టుకుని పుర్రె ఎందుకు ఇస్తారు చేతికి?

రెండో కారణం ఇంకా పెద్దది. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, చంపడం మన జిల్లాల్లో పాత కథ కాదు. అలాంటి వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. బలయ్యేది దాదాపుగా ఒంటరి ముసలమ్మో, పేదవాడో, ఊళ్లో అండ లేని కులంవాడో. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. నవల చదివి ఎవరూ కర్ర పట్టుకుని పోరు, నిజమే. కానీ "ఆ కులంవాళ్లకు మంత్రాలు వస్తాయి" అనే మాటకు మీ నవల ఇంకో మూడు వందల పేజీలు జమ చేస్తుంది. కావాలంటే అదే అనుమానాన్ని కథలోకి తెండి. కాలనీలో పిల్లలకు జ్వరాలు వస్తుంటే జనం ఒక ముసలమ్మ వైపు వేలు చూపిస్తారు. నిజం తెలిసిన నలుగురూ అక్కడే నిలబడి ఉంటారు. నోరు విప్పితే కాగితం సంగతి బయటపడుతుంది. విప్పకపోతే ఆమెను కొడతారు. దయ్యం అక్కడ లేదు, అయినా మీ నవలలో అది అన్నిటికంటే చీకటి అధ్యాయం అవుతుంది. కవిత కోపం ఎందుకు పనికొస్తుందో కూడా ఆ పూటే తేలుతుంది.

చెంచులను పూర్తిగా తీసేయమని కాదు, నిజంగా వాళ్ల దగ్గర ఉన్నదాన్ని తీసుకోండి. కొండ చరియలకు పట్టిన తేనె తీసేటప్పుడు మనిషి తాడు మీద కిందికి దిగుతాడు. పైన తాడు దగ్గర కాపలాకు బావమరిదిని నిలబెడతారని చెప్తారు. అక్క బతుకు ఆ తాడుకే వేలాడుతోంది కాబట్టి అతను వదలడు అని. స్నేహం, నమ్మకం, మోసం గురించిన నవల మీది. నలుగురిలో ఒకరు దిగాల్సి వస్తే తాడు ఎవరి చేతిలో పెట్టాలి? ఒక చెంచు పెద్దాయన ఆ ప్రశ్న మామూలుగా, వెటకారం లేకుండా అడిగి నలుగురి ముఖాలు చూస్తే చాలు. ఆయనకు వేరే మంత్రాలు అక్కర్లేదు.

ఊళ్ల పేర్ల విషయం. పెద్ద ఊళ్లు, రోడ్లు, డ్యాములు నిజం పేర్లతోనే పెట్టండి. మునిగిన ఊరికి మాత్రం కల్పిత పేరు పెట్టండి. అక్కడి మనుషులు, వాళ్ల పిల్లలు బతికే ఉన్నారు, ఫలానా కుటుంబం దొంగ సర్టిఫికెట్ తెచ్చుకుందని రాస్తే ఎవరో ఒకరు తమ గురించే అనుకుంటారు.

మీరు మధ్యలో నలుగురినీ పిల్లలమర్రి, చెరువుగట్టు, పానగల్లు, దేవరకొండ కోట అన్నీ తిప్పారు. టూరిజం శాఖ వాళ్లు సంతోషిస్తారు గానీ పాఠకుడు అలిసిపోతాడు. ఒకటో రెండో ఉంచుకోండి. పిల్లలమర్రిని వదిలేయండి. మర్రిచెట్టు, ఊడలు, దయ్యం అరిగిపోయిన జట్టు. నిజానికి ఆ చెట్టుకు 2018లో చెదల మందును సెలైన్ బాటిళ్లతో ఎక్కించారు కదా, వందల బాటిళ్లు కొమ్మలకు వేలాడుతూ. మీరు రాసిన ఏ దయ్యం కంటే నాకు ఆ ఫొటోనే ఎక్కువ గుర్తుంది. కానీ అది మీ కథకు సంబంధం లేనిది, కాబట్టి వద్దు.

చెరువుగట్టు మాత్రం ఉంచండి. కానీ మీరు రాసినట్టు కాదు. మీరు అక్కడి జడల రామలింగేశ్వరుడి గుడిని కేవలం గంటలు, పొగ, పూనకాలతో నింపారు. అమావాస్య రాత్రి అక్కడ జనం ఎలా ఉంటారో ఒకసారి వెళ్లి కూర్చుని చూడండి. అన్నం మూటలు, నిద్రపోతున్న పిల్లలు, ఫోన్‌కు చార్జింగ్ ఎక్కడ దొరుకుతుందా అని వెతికేవాళ్లు, వాళ్ల మధ్య ఏ డాక్టరూ నయం చేయలేదని కూతుర్ని తీసుకొచ్చిన తల్లి. భయమూ, మామూలు బతుకూ ఒకే చాప మీద పడుకుని ఉంటాయి. గుట్ట పైన మూడు గుండ్లు ఉన్నాయి, వాటి మధ్య సందులోంచి ఒళ్లు ఒంచుకుని దూరి వస్తారు. మహేశ్‌ను ఆ సందులో సగం దాకా పంపి ఆపండి. బండ రెండు వైపులా ఒత్తుతుంటే, వెనక క్యూలో జనం తొందర పెడుతుంటే, అప్పుడు ముందున్న కవిత వెనక్కి తిరగకుండా "ఆ కాగితం నువ్వే రాసినవ్ కదా" అని అడగాలి. అతీతం ఏమీ జరగలేదు. ఊపిరి ఆడకపోవడం మాత్రం నిజం.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీకు నేరుగా పనికిరాకపోయినా ఒక పాఠం కోసం చెప్తున్నాను. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో స్తంభం నీడ పగలంతా ఒకేచోట పడుతుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు, స్తంభాల అమరిక వల్ల అలా అవుతుందని వివరణ ఉంది. కొత్త రచయితలు వివరణను చూసి భయపడతారు, చెప్తే మాయ పోతుందని. నేనైతే వివరణే ముందు చెప్తాను, పాఠకుడిని పూర్తిగా ఒప్పిస్తాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ నీడను ఒక్క జానెడు కదిలిస్తాను. మీ కథలో కూడా ఇంతే. పిలుపు వినబడినప్పుడు శీనుకు చెవి డాక్టరు దగ్గరికి పోయే తెలివి ఉండాలి. డాక్టరు సరిగ్గానే మందు రాయాలి, అది కొన్నాళ్లు పని చేయాలి కూడా.

ఒక చోటు మీరు వాడుకోలేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే అడవి రోడ్డును మన్ననూర్ దగ్గర, దోమలపెంట వైపు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, పులుల అభయారణ్యం కాబట్టి. మధ్యలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. మీ నలుగురూ నిజం బయటపడి కొట్టుకోవాల్సిన రాత్రికి అంతకంటే మంచి గది ఏముంది? మీరేమో కరెంటు పోయిన ఇంట్లో పెట్టారు. ఈ రోజుల్లో కరెంటు పోవడం పాఠకుడు నమ్మడు, పైగా నాలుగు ఫోన్లకూ టార్చి ఉంది. గేటు పడిన అడవిలో కారు ఆగితే అక్కడ దయ్యం రాదు, ఎందుకంటే నీటి అంచు దూరం. నలుగురూ క్షేమంగా ఉన్నారు. క్షేమంగా ఉన్నప్పుడే ఒకరినొకరు చీల్చుకుంటారు. యాదగిరికి నిజం తెలిసేది ఆ రాత్రే కావాలి.

భాష గురించి ఎక్కువ చెప్పను. కథనం మామూలు తెలుగులో ఉంచి, మాటలు పాలమూరు యాసలో రాస్తున్నారు, మంచిదే. కానీ భయపడినప్పుడు అందరూ పుస్తక భాషలోకి జారిపోతున్నారు. "ఎవరది? ఎవరక్కడ?" అని ఏ కొల్లాపూర్ మనిషీ అరవడు. "ఎవల్రా ఆడ?" అంటాడు. భయంలో మనిషి యాస ఇంకా చిక్కనవుతుంది, పల్చబడదు. ఆ గొంతుకు కూడా అదే యాస ఉండాలి. మీ దుష్టశక్తి గ్రాంథికం మాట్లాడుతోంది, అది ఏ ఊరిదో నాకు అర్థం కాలేదు. ఇంకో మాట, కవితను ఊరికే "ధైర్యవంతురాలు" అని మూడుసార్లు పొగిడారు, ముగ్గురు మగవాళ్లకూ గతం ఇచ్చి ఆమెకు కోపం ఒక్కటే ఇచ్చారు. పైన చెప్పిన కాగితం సంగతి ఆమెకు గతాన్ని ఇస్తుంది. దాన్ని తగ్గించకండి, ఆమె తప్పు మిగతా వాళ్లంత పెద్దదిగానే ఉంచండి.

ముగింపులో ఏ పూజ అన్నారు. ఇప్పుడు మీరు అనుకున్న హోమం, మాంత్రికుడి మనవడు వచ్చి మంత్రం చదవడం, శక్తి కేకలు వేస్తూ బూడిదవడం, మొత్తం తీసేయమంటాను. బయటి నుంచి వచ్చినవాడు కష్టం తీర్చేస్తే ఈ నలుగురి కథ అంతసేపు ఎందుకు చదివినట్టు? నియమం ప్రకారం పోండి. ఊరికి లిస్టు కావాలి, లిస్టులో తప్పు పేరు ఉంది. దాన్ని సరిచేయాలి. శీను ఆఫీసుకు వెళ్లి నిజం రాసిస్తే ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, మహేశ్ కూడా ఇరుక్కుంటాడు. సరిచేస్తే ఆ క్షణం నుంచి ఊరు పిలిచేది యాదగిరిని. ఇది గమనించారా? శీను నిజాయితీపరుడైతే స్నేహితుడు పోతాడు. అబద్ధం కొనసాగిస్తే తను పోతాడు. 98 జీవో బాకీ తీరిస్తే ఇంకో బాకీ మొదలవుతుంది. ఎవరు ఏం చేస్తారో నేను చెప్పను, నాకు కూడా ఒకే జవాబు తోచట్లేదు. యాదగిరికి పూర్తి నిజం తెలిశాక, సొంత ఊరు తనను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవాలని అతనికి అనిపించొచ్చు. అతను కావాలనే నీటి అంచు దాకా నడవొచ్చు. లేదా బొడ్రాయినే పైకి తీసుకొచ్చి కాలనీ నడుమ నిలబెట్టి, ఆడబిడ్డలందరినీ పిలిచి, లిస్టును మనుషులే మళ్లీ చెప్పుకోవచ్చు. దానికి నీళ్లు మళ్లీ ఊరిని ముంచేలోపు బురదలోంచి ఆ రాయిని ఎత్తాలి, నలుగురూ కలిస్తే తప్ప లేవదు, అప్పటికి నలుగురూ మాట్లాడుకోవట్లేదు.

ప్రచురణ సంగతి కూడా అడిగారు. ఇలాంటి నవలకు ఆన్‌లైన్ సీరియల్ బాగా నప్పుతుంది, నీటి మట్టాలు అధ్యాయాల పేర్లయితే ఇంకా. జూన్‌లో మొదలుపెడితే నిజం రిజర్వాయరుతో పాటు మీ నవలా నిండుతుంది. కానీ పూర్తిగా రాసి, దిద్ది, చేతిలో ఉంచుకున్నాకే మొదలుపెట్టండి. వారం వారం రాసుకుంటూ పోతే నియమాలు మర్చిపోతారు, ఎర్ర కళ్లు మళ్లీ వచ్చేస్తాయి. అచ్చు పుస్తకం ఆ తర్వాత, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ నాటికి చూసుకోవచ్చు.

ముందు నాలుగో అధ్యాయం ఒక్కటి తిరగరాసి, ఇంతకుముందు చదివిన ఆ మిత్రులకే ఇవ్వండి. ఈసారి భయం వేసిందా అని అడగొద్దు. శీను ఎందుకు ఉలిక్కిపడ్డాడో చెప్పమనండి.